రెండు చెంచాల ప్రార్థన నూనె

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని కాలేజీలో అందరూ అంటారు. ఆ రోజు పొద్దున ముక్కులో ట్యూబు ఉంది గనుక కోపానికి చోటు లేకుండా పోయింది. కుడి ముక్కులోంచి గొంతు దాటి కడుపులోకి దిగిన సన్నని గొట్టం అది. దాన్ని చెంప మీద ప్లాస్టరుతో అంటించారు. రెండో కొస గోడవార ఉన్న యంత్రానికి తగిలించారు. తల ఇటు మూరెడు, అటు మూరెడు కదులుతుంది. అంతకు మించి కదిలితే గొంతులో లాగుతుంది.

సికింద్రాబాద్‌లో ఒక ఆసుపత్రి, మూడో అంతస్తులో చిన్న గది. వెనక్కి వాలే కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు. నిద్రపోకూడదు, నడవకూడదు, నీళ్లు తాగకూడదు, ఫోను చూడకూడదు. పావుగంటకోసారి ఒక కాగితం ఇస్తారు. దాని మీద మూడు అడ్డగీతలు ఉంటాయి: ఆకలి, కడుపు నిండుదనం, వికారం. ఎంత ఉందో గీత మీద చిన్న టిక్కు పెట్టాలి. కిటికీ అద్దాలు బిగించేశారు. అద్దం అవతల మల్కాజ్‌గిరి వైపు వెళ్లే రైళ్లు చప్పుడు లేకుండా పోతూ కనిపించేవి. ఎక్కడికి పోతున్నా సరే, వాటిలో ఒకదానిలో నేనూ ఉంటే బాగుండునని ఆ రోజు చాలాసార్లు అనుకున్నాను.

నాకు జబ్బేమీ లేదు. జబ్బు లేకపోవడమే అక్కడ నా అర్హత. నేను ఒక మిషన్ జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్‌ని. నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టిన డాక్టరమ్మ ఒకప్పుడు నా దగ్గర ఇంటర్ చదివిన పిల్ల. ఇప్పుడు కడుపు జబ్బుల్లో పెద్ద చదువు చదువుతోంది. ఒక సాయంత్రం సీతాఫల్‌మండిలో మా ఇంటికొచ్చి, చెప్పులు బయట విడిచి, కాగితాలు ముందు పెట్టింది.

"మేడమ్, నాకు ఆరోగ్యంగా ఉన్నోళ్లు కావాలె. మీ ఏజ్‌లో షుగర్ లేకుండ, బీపీ లేకుండ, ఒక్క గోలీ సుత ఏసుకోకుండ ఉన్నోళ్లు నాకు తెల్సి మీరొక్కరే."

పొగడ్తకు పడని లెక్చరర్ని నేనింతవరకు చూడలేదు. నేనూ పడ్డాను.

విషయం ఆమే వివరించింది. మనం కొవ్వు పదార్థం తిన్నప్పుడు పేగు ఒక హార్మోను వదులుతుంది. అది కడుపుకి "నెమ్మది, నెమ్మది" అని చెబుతుంది. అందుకే బిర్యానీ తిన్నరోజు సాయంత్రం దాకా ఆకలి వేయదు. ఆ హార్మోను మాట కడుపుకి వినపడకుండా అడ్డుకునే మందు ఒకటుంది. అది వేసుకుంటే కడుపు కదలికలు ఎలా మారతాయో ముందు ఆరోగ్యవంతుల్లో చూడాలి. పన్నెండు మంది, ఒక్కొక్కరు రెండు రోజులు రావాలి. ఒకరోజు అసలు మందు, ఒకరోజు మందు లేని ఉత్త గోలీ. ఏ రోజు ఏది ఇస్తున్నారో వాళ్లకీ తెలియదు, మనకీ తెలియదు. ఇదే ఆమె థీసిస్.

"మీరు ఎప్పుడంటే అప్పుడు మానుకోవచ్చు" అని కాగితంలో రెండు చోట్ల రాసి ఉంది. సంతకం పెట్టాను.

పొగడ్త ఒక కారణమైతే దాని కింద ఇంకొకటి ఉంది. ఆ పిల్ల ఇంటర్లో ఉండగా లఘులోలకం ప్రయోగం చేసింది. దారానికి కట్టిన గుండు ఇరవై డోలనాలు చేయడానికి ఎంత కాలం పడుతుందో గడియారంతో కొలవాలి. ఆమె రికార్డులో ప్రతి వరుసలోనూ జవాబు పుస్తకంలో ఉన్నంత కచ్చితంగా వచ్చింది. లోలకాలు అంత బుద్ధిగా ఊగవు. జవాబు నుంచి వెనక్కి లెక్క కట్టి రీడింగులు రాసుకుందని చూడగానే తెలిసిపోయింది. మా పిల్లల్లో సగం మంది చేసేదే. ఆ రోజు నా ఖర్మకో ఆమె ఖర్మకో ఆమె దొరికింది. పేజీ మీద ఎర్ర సిరాతో అడ్డంగా గీసి "మోసం" అని రాసి, క్లాసందరికీ కనపడేలా ఎత్తి పట్టుకున్నాను. "రాని రీడింగు రాలేదనే రాయాలి" అన్నాను. ఆ పిల్ల ల్యాబు బయట వరండాలో నిలబడి ఏడ్చింది. ఆ ఏడుపు నాకు గుర్తుంది. అప్పుడు తప్పు చేశాననిపించలేదు. ఇప్పుడు అనిపిస్తుంది.

మొదటి రోజు అంతా సాఫీగా జరిగింది. కడుపు ఖాళీగా ఉన్నప్పుడు ఊరికే కూర్చోదట. గంటన్నరకో రెండు గంటలకో ఒకసారి పెద్ద పెద్ద అలలు పుట్టించి, మిగిలిన తుక్కంతా పేగుల్లోకి ఊడ్చేస్తుందట. డాక్టరమ్మ దానికేదో ఇంగ్లీషు పేరు చెప్పింది గానీ నేను "ఊడ్పు" అన్నాను, ఆమెకూ ఆ మాటే అలవాటైంది. ఊడ్పు వచ్చాకే మందు ఇవ్వాలి. తర్వాత కొవ్వు కలిపిన పాలు తాగించి, కడుపు ఏం చేస్తుందో చూడాలి. ఆ రోజు గంట తిరిగేలోపే యంత్రం తెర మీద అలలు లేచాయి. నా కడుపు ఊడ్చుకోవడం నేనే కళ్లారా చూశాను. పిల్లలకు తరంగాలు చెప్పడం తప్ప నా లోపలా తరంగాలున్నాయని ఎప్పుడూ అనుకోలేదు.

ఆ మొదటిసారి మా అత్తయ్య మౌలాలిలో ఉన్న కూతురింటికి వెళ్లి ఉంది. రెండోసారికి ఇంట్లోనే ఉంది. తేడా అంతా అక్కడే వచ్చింది.

మా అత్తయ్యది గుంటూరు వైపు. పెళ్లయి నేను ఆ ఇంట్లో కాలు పెట్టింది మొదలు ఇరవై రెండేళ్లుగా, పరీక్షకు వెళ్లినా, ప్రయాణానికి బయల్దేరినా, డాక్టరు దగ్గరికి పోయినా, ఆవిడ తలుపు దగ్గర ఆపుతుంది. స్వస్థత కూడికల్లో ప్రార్థన చేయించి తెచ్చిన కొబ్బరినూనె సీసా ఒకటి ఆవిడ బైబిలు పక్కన ఎప్పుడూ ఉంటుంది. చలికాలంలో గడ్డకడితే అరచేతుల మధ్య పెట్టి కరిగిస్తుంది.

"అమ్మాయీ, నోరు తెరువు. ఒక్క చెంచాడే. ఆ గొట్టం గీసుకోకుండా దిగుతుంది" అంది ఆ పొద్దున. తెరిచాను. "ఇంకోటి, క్షేమంగా తిరిగి రావడానికి" అంది. మళ్లీ తెరిచాను. కళ్లు మూసుకుని నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. ఆమెన్ అన్నాను. పెద్ద చెంచా అది, పచ్చళ్లు వడ్డించేది. అప్పుడు టైము ఆరున్నర.

ఏడింటికి ఆసుపత్రిలో డాక్టరమ్మ కాగితం పట్టుకుని అడిగింది. "మేడమ్, రాత్రి పదింటి నుంచి ఏమన్నా తిన్నరా? తాగిన్రా? గోలీలు గిట్ల ఏమన్నా ఏసుకున్నరా?"

"లేదు" అన్నాను. అడ్డంగా తల ఊపి, సంతకం కూడా పెట్టాను. దేవుడి తోడు, అందులో అబద్ధం లేదు. మా ఇంట్లో ఆ నూనె తిండి కాదు, పానీయం కాదు, మందూ కాదు. అది ప్రార్థన. పొద్దున ప్రార్థన చేసుకున్నారా అని అడిగుంటే చేసుకున్నాననే చెప్పేదాన్ని.

ట్యూబు దిగింది. నిజం చెప్పొద్దూ, మొదటిసారి కంటే తేలిగ్గానే దిగింది. తర్వాత ఊడ్పు కోసం ఎదురుచూడటం మొదలుపెట్టాం. ఎనిమిదయింది. ఎనిమిదిన్నర. తెర మీద చిన్న చిన్న అలలు ఒకదాని వెనక ఒకటి ఒద్దికగా పోతున్నాయి. పెద్దవి రావడం లేదు. ఆమె తీగలు బిగించి చూసింది, యంత్రాన్ని ఆపి మళ్లీ పెట్టింది. తొమ్మిదింటికి తెరకు దగ్గరగా వంగి, తనలో తను అన్నట్టుగా అంది.

"ఏందో మేడమ్, గిది తిన్నోళ్ల కడుపు లెక్క కొడుతుంది."

అప్పుడు గుర్తొచ్చింది. గొంతులో గొట్టం చుట్టూ కొబ్బరినూనె వాసన ఒక్కసారిగా పైకొచ్చినట్టు అనిపించింది. కొవ్వు మీద చేసే పరీక్షకు కొవ్వు తాగి వచ్చి కూర్చున్నాను. పైగా లేదని సంతకం పెట్టాను. ఆ క్షణమే చెప్పేయాల్సింది. చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదని ఆ తర్వాత నన్ను నేను చాలాసార్లు అడిగాను. మొదటి ఐదు నిమిషాలు సిగ్గు. ఫిజిక్స్ మేడమ్, పొద్దున్నే ప్రార్థన నూనె తాగి వచ్చిందని ఈ పిల్ల తన తోటి డాక్టర్లకు చెబితే? ఆ తర్వాత భయం. నేను పన్నెండో మనిషిని, ఇది నా రెండో రోజు, అంటే ఆ పరీక్షకే ఆఖరి రోజు. నెలాఖరుకు థీసిస్ అప్పగించాలని ఆమె పొద్దునే చెప్పింది. ఈ రోజు పాడైతే ఈ గది, యంత్రం మళ్లీ ఖాళీ అయ్యే దాకా ఆగి చేయాలి, అంత వ్యవధి లేదు. ఆ తర్వాత ఆశ. ఎంత నూనె గనక, కాసేపటికి పోతుంది, ఊడ్పు వస్తుంది, ఎవరికీ తెలియదు. పదయ్యేసరికి ఇంకో కొత్త ఇబ్బంది వచ్చింది. ఇప్పుడు చెబితే గంట నుంచి ఎందుకు చెప్పలేదో కూడా చెప్పాలి. ఒక్కో పావుగంట గడిచిన కొద్దీ చెప్పడం మరింత కష్టమైంది. ఉచ్చు అంటే ఏమిటో నాకు ఆ కుర్చీలో తెలిసింది. నా చుట్టూ బిగించింది నేనే.

ఎప్పుడంటే అప్పుడు మానుకోవచ్చని కాగితంలో ఉంది కదా. వికారంగా ఉంది, తీసేయమంటే తీసేస్తారు. పదిన్నరకు ఆ ఆలోచన కూడా వచ్చింది. దొంగదారి. కాగితం మీద వికారం గీత ముందు పెన్ను పట్టుకుని కూర్చున్నాను. చివరికి "లేదు" వైపే టిక్కు పెట్టాను. అబద్ధం ఒకటి చాలనిపించింది.

ఆ పిల్ల మాత్రం నన్ను చూసి జాలిపడుతూనే ఉంది. తడిపిన దూదితో నా పెదవులు అద్దింది. కాళ్ల కింద దిండు పెట్టింది. "మేడమ్, జెర ఓపిక పట్టుండ్రి. మిమ్మల్ని శాన పరేషాన్ చేస్తున్న" అంది. తను కూడా పొద్దున్నుంచి ఏమీ తినలేదు. తెర వదిలి వెళ్తే ఆ నిమిషంలోనే ఊడ్పు వచ్చేస్తుందేమోనని భయం. నా వల్ల తనూ ఆ గదిలో ఇరుక్కుంది, ఎందుకో తనకు తెలియదు. ఒకసారి నవ్వుతూ, "మీ కడుపు సుత మీ లెక్కనే స్ట్రిక్టు మేడమ్" అంది. నాకు ఏడుపొచ్చింది. ట్యూబు వల్ల కళ్లలో నీళ్లు వస్తున్నాయనుకుని తుడిచింది.

పదకొండున్నరకు ఆమె గైడు, అంటే థీసిస్ చేయించే పెద్ద డాక్టరు, ఫోను చేశారు. ఆమె చేతులకు గ్లౌజులున్నాయి. మోచేత్తో స్పీకరు నొక్కింది. ఆయన గొంతు గదంతా వినపడింది.

"ఇంకా ఎంతసేపమ్మా? మధ్యాహ్నం ఆ రూము వేరేవాళ్లకు ఇవ్వాలి. కాస్త పెద్దగా ఉన్న అల ఏదో ఒకటి చూసి అదేనని గుర్తు పెట్టెయ్. మందు ఇచ్చి మొదలుపెట్టు. ఒక్క కేసుతో ఏమవుతుంది?"

ఆమె తెర మీద వేలు పెట్టి వెనక్కి జరిపింది. పదింటి దగ్గర ఒక అల మిగతావాటికంటే కొంచెం ఎత్తుగా ఉంది. దాని దగ్గర వేలు ఆగింది. నేను చూస్తున్నాను. పెట్టెయ్ అమ్మా, పెట్టెయ్ అని లోపల ఎవరో అంటున్నారు. ఆ ఎవరో నేనే. ఒక్క గుర్తు పెడితే ఆమె థీసిస్ బతుకుతుంది, నా పరువూ బతుకుతుంది.

ఆమె వేలు తీసేసింది.

"పెట్టను సార్. రాలేదు కాబట్టి రాలేదనే రాస్త. మా మేడమ్ ఈడనే ఉన్నరు సార్, ముంగటనే కూసున్నరు."

ఆయన ఏదో అన్నారు, ఫోను పెట్టేశారు. నాకు వినపడలేదు. నా చెవుల్లో ఆమె మాటే మోగుతోంది. నేను ముందు కూర్చున్నందుకు ఆమె తప్పు చేయలేదట. తప్పు చేసి ముందు కూర్చున్నది నేను. జీవితంలో అంత సిగ్గు నాకెప్పుడూ కలగలేదు.

"నేను తాగాను" అన్నాను. గొట్టం వల్ల గొంతు బొంగురుగా వచ్చింది. "పొద్దున ఆరున్నరకి. రెండు చెంచాల కొబ్బరినూనె. ప్రార్థన చేసిన నూనె. మా అత్తయ్య పోసింది. అది తిండి కిందికి వస్తుందని నాకు తోచలేదమ్మా."

ఆమె నా వైపు తిరిగి, అర్థం కానట్టు చూసింది. "నూనెనా?" అంది. తర్వాత తెర వైపు చూసింది. ఆ ఒద్దికైన చిన్న అలలకు కారణం దొరికింది. కుర్చీ లాక్కుని కూర్చుని, కాగితం తీసి, "ఆరున్నర... రెండు చెంచాలు... పెద్దవా, చిన్నవా?" అని అడిగింది.

"పెద్దవి."

రాసుకుంది. తల ఎత్తకుండానే ఇంకో ప్రశ్న అడిగింది.

"మీకెప్పుడు యాదికొచ్చింది మేడమ్?"

"ఇప్పుడే" అనొచ్చు. ఆ ఒక్క మాటతో తేలిపోయేది. ఆమె నమ్మేది కూడా.

"తొమ్మిదింటికి" అన్నాను. "తిన్నవాళ్ల కడుపులా ఉందని నువ్వన్నప్పుడు."

ఆమె గోడ గడియారం చూసింది. పన్నెండుకు ఐదు తక్కువ. పెన్ను కాగితం మీద పెట్టింది గానీ అక్కడే ఆగిపోయింది. కాసేపటికి మూత పెట్టి జేబులో పెట్టుకుంది.

"గా ముచ్చట స్టడీకి అక్కర్లేదు మేడమ్" అంది.

ఆ తర్వాత ప్లాస్టరు ఊడదీసి, ట్యూబు బయటికి లాగింది. నేను ఒకప్పుడు ఆమె పేజీని నలభై మందికి ఎత్తి చూపించాను. తను నా మూడు గంటలను కాగితం మీద కూడా పెట్టలేదు. కానీ ట్యూబు తీస్తున్నంతసేపూ నా కళ్లలోకి చూడలేదు.

ఇంటికొచ్చాక అత్తయ్య గుమ్మంలోనే అడిగింది. "గొట్టం నొప్పి లేకుండా దిగిందా?"

"దిగింది అత్తయ్యా."

"మరి? చూశావా" అని సంతోషంగా లోపలికెళ్లి నాకు అన్నం పెట్టింది. ఏం చెప్పను? ఆవిడ అడిగినదానికి అదే నిజం.

మూడు రోజుల తర్వాత డాక్టరమ్మ ఫోను చేసింది. మిగతా పదకొండు మందికీ ఫోను చేసి అడిగిందట. వాళ్లలో ఒకామె పరీక్ష రోజు పొద్దున గుడికి వెళ్లి ప్రసాదం కొబ్బరి ముక్క తిన్నదట. అది తిండని ఆమెకూ అనిపించలేదట. ఆమె కేసు కూడా మళ్లీ చేయాలి. నెలాఖరు గడువు తప్పిపోయింది, థీసిస్ ఆరు నెలలు వెనక్కి పోయింది.

"నాకు మీ మీద మస్తు కోపమొచ్చింది మేడమ్" అంది. "నూనె తాగినందుకు కాదు. మూడు గంటలు నన్ను జూస్కుంట కూసున్నందుకు."

"రావాల్సిందే" అన్నాను. "మళ్లీ రమ్మంటే వస్తాను" అన్నాను. ఆమె తేదీ చెప్పింది.

మూడోసారి బయల్దేరిన పొద్దున అత్తయ్య సీసా, చెంచా పట్టుకుని తలుపు దగ్గర నిలబడింది. ఇరవై రెండేళ్లలో మొదటిసారి, "వద్దు అత్తయ్యా" అన్నాను. ఆ రెండు మాటలు అనడానికి రాత్రంతా సాధన చేశాను. ఆవిడ ముఖం చిన్నబోయింది.

"కడుపు ఖాళీగా ఉండాలట" అన్నాను.

"ఇది తిండి కాదుగా అమ్మాయీ."

"నేనూ అలాగే అనుకున్నాను."

ఆవిడ చెంచాలోని నూనెను చుక్క కింద పడకుండా తిరిగి సీసాలో పోసింది. చెంచాకు అంటుకున్న తడిని వేళ్లతో తీసి నా నుదుటికి రాసింది. ఆలోచించి, ముక్కుకీ చెంపలకీ కూడా పట్టించింది. "గొట్టం దూరేది ఇక్కడేగా" అంది. తల మీద చెయ్యి పెట్టి ఎప్పటికంటే కాస్త పొడుగ్గానే ప్రార్థన చేసింది.

ఆసుపత్రిలో అదే గది, అదే కుర్చీ. డాక్టరమ్మ కాగితం ముందు పెట్టింది. పాత ప్రశ్నల కింద పెన్నుతో రాసిన కొత్త వరుస ఒకటి ఉంది: తీర్థం, ప్రసాదం, ప్రార్థన నూనె, దర్గా నీళ్లు, ఏదైనా సరే నోట్లో వేసుకున్నారా? లేదు అని రాసి సంతకం పెట్టాను. ట్యూబు దిగింది. ఈసారి గీసుకుంటూనే దిగింది. చెంప మీద ప్లాస్టరు అంటించబోతే జారిపోయింది. ఇంకోటి వేసింది, అదీ జారిపోయింది. వేలితో నా చెంప తడిమి వాసన చూసుకుని, ఆగిపోయింది.

"బయటనే కదా మేడమ్?" అంది.

"బయటే అమ్మా."

నా ముఖంలోకి చూసింది. స్పిరిటు దూదితో చెంప తుడిచి ప్లాస్టరు వేసి, చేతులు కడుక్కుని వచ్చి, పెన్ను మూత తీసింది. నేను చెప్పిన ఆ మాటను ఈసారి టైముతో సహా కాగితం మీద రాసుకుంది.